ఎగిరిపోగలిగీ వచ్చి వాలితే...

*ఏ రీల్ చూసినా భుజం మీద లవ్‌బర్డ్. తీరా ఇంటికి తెచ్చుకున్నాక పంజరం మూలకు నక్కి, చెయ్యి పెడితే కొరికే పక్షి. ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరాన్ని చాలామంది కత్తెరతో దాటాలని చూస్తున్నారు. రెక్కలు కత్తిరిస్తే పక్షి మచ్చిక అవుతుందా?*

ఆదివారం పొద్దున. చార్మినార్ నుంచి లాడ్ బజార్ దాటి ముర్గీ చౌక్ వైపు నడుస్తుంటే చెవులు ముందే చెప్పేస్తాయి, పక్షుల బజారు దగ్గరికి వచ్చేశామని. కోళ్లు, పావురాలు, రంగురంగుల చిన్న పిట్టలు. ఒక దుకాణం ముందు ఎనిమిదేళ్ల పాప ఆగి వేలు చూపించింది. పచ్చటి ఒళ్లు, గులాబీ రంగు మొహం, పొట్టి తోక. దుకాణదారు పంజరంలోకి చెయ్యి పెట్టగానే లోపలున్న పక్షులన్నీ వెనకవైపు ఊచలకు అతుక్కుపోయాయి. పాప చూపించింది దొరికింది. కిర్రుమని అరుస్తూ అతని బొటనవేలిని గట్టిగా కొరికింది. అతను చూసుకోను కూడా లేదు.

"రెక్కలు కొట్టియ్యాల్నా సార్? ఎటూ పోదు. రెండ్రోజుల్ల పాప చేతి మీద కూసుంటది."

నాన్న పాప వైపు చూశాడు. పాప కత్తెర వైపు చూసింది. "నొప్పి పుడుతుందా అంకుల్?"

"లేదమ్మా. జుట్టు కట్ చేసినట్టే."

కుడి రెక్క విప్పి ఒక కత్తిరింపు, ఎడమ రెక్క విప్పి ఇంకొకటి. పచ్చటి ఈకలు గచ్చు మీద పడ్డాయి. పక్షి చిల్లులు పొడిచిన అట్టపెట్టెలోకి, పెట్టె పాప ఒళ్లోకి, పావుకిలో కొర్రల పొట్లం నాన్న సంచిలోకి వెళ్లాయి. బేరం ముగిసింది.

దుకాణదారు మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉండొచ్చు. నొప్పి పుట్టదన్నది నిజమే, ఈక పూర్తిగా ముదిరి ఉంటే. ఎటూ పోదన్నది సగమే నిజం. లవ్‌బర్డ్ బరువు యాభై గ్రాములు అటూ ఇటూ. బాల్కనీలో ఒక గాలి విసురు చాలు, కత్తిరించిన రెక్కలతోనే పక్క బ్లాక్ దాకా పోతుంది, తిరిగి పైకి రాలేదు. ఇక రెండ్రోజుల్లో చేతి మీద కూర్చోవడం. కూర్చుంటుంది, దిగిపోయే దారి లేక. దాన్ని మచ్చిక అనుకోవడం దగ్గరే అసలు పొరపాటు మొదలవుతోంది.

ఎడారి అంచు నుంచి అపార్ట్‌మెంట్‌కి

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. మన ఊళ్లలో లవ్‌బర్డ్స్ అని అమ్మేవాటిలో ఎక్కువ భాగం లవ్‌బర్డ్స్ కావు, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన బడ్జీలు. సన్నటి ఒళ్లు, పొడుగు తోక, వీపు మీద నల్లటి గీతలు ఉంటే అది బడ్జీ. అసలు లవ్‌బర్డ్ పొట్టిగా, బొద్దుగా, పెద్ద ముక్కుతో ఉంటుంది. దుకాణాల్లో దీన్ని ఆఫ్రికన్ లవ్‌బర్డ్ అంటారు. పెంపకం పద్ధతులు కొంతవరకు రెంటికీ పనికొస్తాయి కానీ, బడ్జీ కొరుకుడు వేరు, లవ్‌బర్డ్ కొరుకుడు వేరు. కొరికించుకున్న వాళ్లకి ఈ తేడా విడిగా చెప్పనక్కర్లేదు.

లవ్‌బర్డ్స్‌లో తొమ్మిది జాతులున్నాయి. ఎనిమిది ఆఫ్రికా ఖండంలోవి, ఒకటి మడగాస్కర్ దీవిలోది. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే గులాబీ మొహం పక్షి పుట్టిల్లు నైరుతి ఆఫ్రికా. నమీబియా, అంగోలా, దక్షిణాఫ్రికాల్లోని పొడి నేలల్లో నీటి వనరుల చుట్టుపక్కల గుంపులుగా తిరుగుతుంది. గుంపులో పుట్టి, గుంపులో తిని, పైన డేగ నీడ కనిపిస్తే గుంపుగా ఎగిరిపోయే ప్రాణి. దాని కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి, నాలుగు దిక్కుల నుంచీ వచ్చే ప్రమాదాన్ని కనిపెట్టడానికి. పైనుంచి దిగే మన చెయ్యి దానికి ప్రేమగా కనిపించదు. డేగలాగే కనిపిస్తుంది.

మరి అపార్ట్‌మెంట్లలోకి ఇదే ఎందుకు వస్తోంది? కుక్కను పెంచాలంటే అసోసియేషన్‌తో తగువు, పొద్దునా సాయంత్రం బయట తిప్పే పని. పిల్లి అంటే పెద్దవాళ్లు ఒప్పుకోరు. అరచేతిలో పట్టే పక్షి అయితే ఓ మూల పడి ఉంటుందనుకుంటారు. అది పడి ఉండదు. బాగా చూసుకుంటే పది పదిహేనేళ్లు బతుకుతుంది. ఒంటరిగా తెచ్చుకుంటే రోజులో గంటల కొద్దీ మనమే దాని గుంపు కావాలి. జంట విడిపోతే చచ్చిపోతాయన్నది ఉత్త మాట. ఒంటరి పక్షి బతుకుతుంది, తోడుగా ఇంట్లో మనుషులుంటే. జంటగా తెస్తే ఒకదానికొకటి సరిపోతాయి, మనతో పనుండదు. ఆఫీసుకెళ్లి రాత్రికి వచ్చే ఇంట్లో జంటే మేలు. భుజం మీద వాలకపోయినా సరే.

> చట్టం ఏమంటోంది?
>
> రామచిలుకను పంజరంలో పెంచడం నేరం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మన దేశవాళీ చిలుకలన్నిటికీ రక్షణ ఇస్తోంది. జాతకం చెప్పే చిలుకకూ మినహాయింపు లేదు.
>
> విదేశీ పక్షుల సంగతి వేరు. అదే చట్టాన్ని 2022లో సవరించి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు చేస్తున్న నిబంధనల ప్రకారం, వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైటీస్ ఒప్పందం జాబితాల్లో ఉన్న జాతులను పెంచేవారు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. గులాబీ మొహం లవ్‌బర్డ్‌ను 2005లో ఆ జాబితా నుంచి తీసేశారు. ఫిషర్స్, మాస్క్‌డ్ లవ్‌బర్డ్స్ మాత్రం అందులోనే ఉన్నాయి. కంటి చుట్టూ తెల్లటి వలయం ఉంటే ఈ రెండిట్లో ఒకటేమో అడిగి తెలుసుకోండి, బిల్లు తీసుకోండి.
>
> రెక్కలు విప్పి కదిలే చోటు లేని పంజరంలో పెట్టడం జంతు హింస నివారణ చట్టం, 1960 ప్రకారం నేరం. పక్షులకు ఎగిరే హక్కుందని, వాటిని పంజరాల్లో పెట్టి వ్యాపారం చెయ్యకూడదని 2015లో ఢిల్లీ హైకోర్టు ఒక కేసులో వ్యాఖ్యానించింది.

హక్కు మాట విని ఉన్న పక్షిని తీసుకెళ్లి కిటికీలోంచి వదిలేయకండి. పంజరంలో పుట్టిన లవ్‌బర్డ్‌కి మన ఊళ్లో తిండి వెతుక్కోవడం తెలియదు, కాకుల నుంచి తప్పించుకోవడం తెలియదు. దాన్ని వదిలేస్తే స్వేచ్ఛ ఇచ్చినట్టు కాదు, చంపినట్టు.

నానమ్మ దగ్గరికే ఎందుకెళ్లింది?

పక్షిని పెంచే ఇళ్లలో తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది. కూకట్‌పల్లిలో ఒక ఇంట్లోనూ అదే విన్నాను. పక్షిని కొన్నది మనవడు, గింజలు పోసేది మనవడు, పేరు పెట్టింది మనవడు. అది మాత్రం హాల్లో కూర్చుని బియ్యం ఏరుకునే నానమ్మ దగ్గరికే పోతుంది. చేటలోంచి గింజ లాక్కుంటుంది, కొంగు అంచు కొరుకుతుంది. మనవడు దగ్గరికొస్తే కర్టెన్ రాడ్ ఎక్కేస్తుంది.

"నేనేం చెయ్యలేదు నాయనా, నా పని నేను చేసుకుంటుంటే అదే వచ్చింది" అంటుంది ఆవిడ.

జవాబు ఆవిడ మాటలోనే ఉంది. ఆవిడ దాన్ని పట్టుకోవాలని ఎన్నడూ చూడలేదు. పిల్లవాడు స్కూలు నుంచి వచ్చిన ప్రతిసారీ చెయ్యి పెట్టి బయటకు తీశాడు. మనం ప్రేమగా చూసినా, రెప్ప వెయ్యకుండా దాన్నే చూస్తే పక్షికి అది వేటగాడి చూపు. పక్కకు తిరిగి మన పనిలో మనముంటే ఈ మనిషి వల్ల భయం లేదని అదే తేల్చుకుంటుంది.

అందుకే మొదటి వారం చెయ్యాల్సిన పని, ఏమీ చెయ్యకపోవడం. పంజరాన్ని మన ఛాతీ ఎత్తులో, ఒక వైపు గోడకు ఆనించి, ఇంట్లో మనుషులు మసలే చోట పెట్టాలి. వంటింట్లో వద్దు. రోజూ అదే వేళకు తిండి, నీళ్లు మార్చాలి, మెల్లగా మాట్లాడుతూ. రాత్రి పది, పన్నెండు గంటల నిద్ర దానికి కావాలి, టీవీ మోగుతున్నా సరే. ఆ మూలకు చీకటి చేసి, పంజరం మీద పల్చటి గుడ్డ కప్పండి.

తర్వాత దాని ఒళ్లు ఏం చెబుతోందో చూడండి. ఈకలన్నీ ఒంటికి అతుక్కుని, మెడ సాచి, బిగుసుకుపోయి నిలబడితే భయం. కొద్దిగా ఉబ్బి, ఒంటికాలి మీద నిలబడి, ముక్కు కొరకొర నూరుకుంటుంటే నిశ్చింత. మీరు గదిలో ఉండగా అది తింటోందంటే మొదటి మెట్టు ఎక్కినట్టే. ఎదురుగా ముప్పు ఉందనుకునే ప్రాణి తల వంచి గింజ ఏరుకోదు.

ఇప్పుడు ఇష్టమైన తిండితో రాజీ మొదలెట్టాలి. చాలా పక్షులకు పొద్దుతిరుగుడు గింజ అంటే ప్రాణం. కొవ్వు ఎక్కువ కాబట్టి దాన్ని గిన్నెలోంచి పూర్తిగా తీసేసి, మీ వేళ్ల మధ్య మాత్రమే కనిపించేలా చెయ్యండి. కొర్ర కంకి దొరికితే ఇంకా మంచిది, పొడవుగా ఉంటుంది కాబట్టి మొదట్లో చెయ్యి దూరంగానే ఉంటుంది. ఊచల బయటి నుంచి అందించండి. వస్తే తింటుంది, రాకపోతే చెయ్యి వెనక్కి తీసుకోండి. ఈ వెనక్కి తీసుకోవడమే కీలకం. తను వద్దంటే ఈ మనిషి ఆగుతాడని పక్షికి అర్థమైన రోజు నుంచి పని సులువవుతుంది. కొన్నాళ్లకు తలుపు తెరిచి, ఆ తర్వాత అరచేతిలో, ఆపైన మణికట్టు అవతల. గింజ కోసం అదే వేలెక్కాలి. పొట్ట కింద వేలు పెట్టి నెట్టకూడదు. రోజుకు రెండుసార్లు, అయిదేసి నిమిషాలు చాలు. ఎన్నాళ్లు పడుతుందని అడిగితే లెక్క చెప్పలేం. కొన్నిటికి వారాలు, గుంపు పంజరంలో పెరిగి పదిసార్లు చేతికి చిక్కి భయపడ్డ వాటికి నెలలు.

చిన్నప్పటి నుంచే చేత్తో తినిపిస్తే మచ్చిక అవుతుందని కళ్లు తెరవని పిల్లల్ని అంటగట్టే వాళ్లున్నారు. ఆ పని చేతకాని వాళ్ల దగ్గర ఆ కూనలు బతకవు. తిండి మరీ వేడైతే మెడ దగ్గరి సంచి కాలిపోతుంది, చల్లగా ఉంటే అరగదు. సొంతంగా తినడం నేర్చిన పిల్లనే తెచ్చుకోండి.

కొరికితే ఏం చెయ్యాలి?

అరవకండి, చెయ్యి విదిలించకండి, ముక్కు మీద కొట్టకండి. ఒకటి, రెండు క్షణాలు కదలకుండా ఉండి, మెల్లగా దాన్ని పక్కన దించండి. తర్వాత ఆలోచించండి, కొరకడానికి ముందు అది ఏం చెప్పింది? దాదాపు ప్రతిసారీ ఏదో చెప్పే ఉంటుంది. వెనక్కి వాలడం, నోరు తెరవడం, ఈకలు బిగించడం. మనం వినలేదు కాబట్టే కొరికింది.

ఆడ లవ్‌బర్డ్‌కి పంజరం మీద పట్టు ఎక్కువ. గూడు కట్టే ధ్యాసలో ఉన్నప్పుడు లోపల చెయ్యి పెడితే ఎంత మచ్చికైనదైనా కొరుకుతుంది. అలాంటి పక్షికి గూడు కుండ పెట్టకండి, వీపు నిమరకండి. మగతోడు లేకపోయినా గుడ్లు పెడుతూ పోతుంది, సున్నం అంతా కరిగి, గుడ్డు లోపలే ఇరుక్కుని చచ్చిపోయే ప్రమాదం ఉంది. తల, చెంపలు నిమిరితే చాలు, వాటికి కావాల్సిందీ అదే.

> తోకమీద కాగితం ముక్కలు
>
> మీ పక్షి న్యూస్‌పేపర్‌ను సన్నటి పట్టీలుగా చీల్చి నడుము మీది ఈకల్లో దోపుకుంటోందా? గులాబీ మొహం లవ్‌బర్డ్ ఆడపక్షి గూటికి సామాను మోసే పద్ధతి అది. ఫిషర్స్ రకం ఒక్కో పట్టీని ముక్కుతో పట్టుకుని వెళుతుంది. అమెరికా కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం డిల్గర్ ఈ రెండు రకాలనూ కలిపి పిల్లల్ని పుట్టించాడు. ఆ సంకర పక్షులు దోపుకోవడానికి నానా తంటాలు పడేవి, పట్టీలు జారిపోయేవి. చివరికి ముక్కుతో మొయ్యడం నేర్చుకునేవి. ఈ పరిశోధన గురించి ఆయన 1962లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో రాశాడు.

ఇక కత్తెర సంగతి

రెక్క చివర ఉండే పది పెద్ద ఈకలు పక్షిని ముందుకు తోస్తాయి. కత్తిరించేది వాటిలో కొన్నిటినే. ముదిరిన ఈకలో రక్తం ఉండదు కాబట్టి నొప్పి లేదు. పాతవి రాలి కొత్తవి వచ్చేదాకా, అంటే కొన్ని నెలల పాటు, అది సరిగ్గా ఎగరలేదు. శాశ్వతమేమీ కాదు. ఇంతవరకు వింటే పెద్ద విషయమేం కాదనిపిస్తుంది.

చిక్కు ఎక్కడంటే, ఆ నెలల్లోనే మనం దానితో పరిచయం పెంచుకుంటాం. ఎగరగలిగే పక్షి మన చెయ్యి నచ్చకపోతే లేచిపోతుంది. అది మనకు తెలుస్తుంది, మన పద్ధతి మార్చుకుంటాం. ఎగరలేని పక్షికి మిగిలేవి రెండే దారులు. కొరకడం, లేదంటే బిగుసుకుని కూర్చోవడం. మొదటిదాన్ని మనం పొగరు అంటాం, రెండోదాన్ని మచ్చిక అంటాం. రెండూ తప్పే. కొత్త ఈకలొచ్చిన రోజున "ఇన్నాళ్లూ బాగానే ఉండేది, ఉన్నట్టుండి దూరం పోతోంది" అని బాధపడే ఇళ్లకు కారణం ఇదే. పక్షి మారలేదు. దానికి ఇప్పుడు ఎంచుకునే వీలు వచ్చింది.

ఒంటికి కలిగే నష్టం వేరే ఉంది. ఎగరడమే దాని వ్యాయామం, అది లేక కొవ్వు పడుతుంది. ఎగరడం నేర్చుకోకముందే, ఏడెనిమిది వారాల పిల్లకు కత్తిరిస్తే అది వాలడం, మలుపు తిరగడం సరిగ్గా నేర్చుకోదు. ఒక వైపు రెక్క మాత్రమే కత్తిరించే పాత పద్ధతి మరీ ఘోరం. గిరగిరా తిరిగి రొమ్ము ఎముక నేలకు కొట్టుకునేలా పడుతుంది.

అయితే ఎప్పుడూ కత్తిరించకూడదా? అలా ఒట్టు వేయించే ఉద్దేశం నాకు లేదు. తలుపులు తీస్తూ వేస్తూ ఉండే ఉమ్మడి ఇల్లు, గోడలకు పదేపదే కొట్టుకుని దెబ్బలు తగిలించుకునే పక్షి, వైద్యం కోసం కొన్నాళ్లు ఎగరకుండా ఉంచాల్సిన పక్షి, ఇలాంటి చోట్ల పశువైద్యుడే సలహా ఇవ్వొచ్చు. అప్పుడైనా కొన్ని సంగతులు మనకు తెలిసి ఉండాలి.

కత్తిరింపు రెండు రెక్కలకూ సమానంగా, తక్కువతో మొదలుపెట్టి జరగాలి. పైన కప్పి ఉండే చిన్న ఈకల వరుస దాటి కిందనే కత్తెర పడాలి. వదిలితే పక్షి ఏటవాలుగా జారుతూ నేలకు దిగాలి, దబ్బున పడకూడదు. ఇంకా పెరుగుతున్న లేత ఈక మొదలు ముదురు రంగులో, తొడుగుతో కనిపిస్తుంది, దాంట్లో రక్తం పారుతుంటుంది. దాన్ని ముట్టుకోకూడదు. పొరపాటున తెగితే మొక్కజొన్న పిండి అద్ది, శుభ్రమైన గుడ్డతో మెల్లగా నొక్కిపట్టి, వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. యాభై గ్రాముల ప్రాణిలో రక్తం ఎంతుంటుందో ఊహించుకోండి. పక్షిని పట్టుకునేటప్పుడు ఛాతీ నొక్కడం మరో ప్రమాదం. ఛాతీ కదిలితేనే దానికి ఊపిరి ఆడుతుంది, గట్టిగా పట్టుకుంటే చాలు, చేతిలోనే పోతుంది.

ఇంకొక్క మాట, ఆ పట్టుకునే చెయ్యి మీది కాకపోతే మేలు. ఇంట్లో గింజ పెట్టే చెయ్యే గుడ్డలో చుట్టి కత్తిరిస్తే, నెలల శ్రమ ఒక్క పూటలో పోతుంది. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి, నగరాల్లో పక్షులను చూసే ప్రైవేటు వైద్యులూ ఉన్నారు. ముందే ఫోన్ చేసి, పక్షులను చూస్తారా అని అడిగి వెళ్లండి.

> ఏసీ గాలి తగిలే చోట
>
> అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో, ఇళ్ల నుంచి తప్పించుకున్న గులాబీ మొహం లవ్‌బర్డ్స్ 1980ల చివరి నుంచి స్వేచ్ఛగా బతుకుతున్నాయి. ఎడారి వాతావరణం పుట్టింటిని పోలి ఉండటం వాటికి కలిసొచ్చింది. మండు వేసవిలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ భవనాల ఏసీ గాలి బయటికొచ్చే గూళ్ల దగ్గర చేరి చల్లబడుతూ కనిపించాయి.

పక్షిని కాదు, ఇంటిని సరిచెయ్యండి

మన ఇళ్లలో ఎగిరే పక్షికి పెద్ద శత్రువు సీలింగ్ ఫ్యాన్. రెక్కలు కత్తిరించమనే వాళ్లు ముందు చెప్పే కారణం కూడా ఇదే. కానీ సగం కత్తిరించిన పక్షి కూడా బెదిరితే ఫ్యాన్ ఎత్తుకు లేవగలదు. అందుకే నియమం ఒకటే: పక్షి బయట ఉంటే ఫ్యాన్ ఆగి ఉండాలి. వేసవిలో కుదరదంటే ఏసీ గదిలో వదలండి, లేదా ఆ గంట మీరే పెడస్టల్ ఫ్యాన్‌కు జాలీ కప్పి సర్దుకోండి. పంజరం తెరిచే ముందు స్విచ్ బోర్డు మీద ఒక చీటీ అంటించండి, చుట్టాలు వచ్చినప్పుడు పనికొస్తుంది.

కిటికీలకు, బాల్కనీకి వల కొట్టించండి. పావురాల కోసం ఎలాగూ కొట్టిస్తున్నాం. అద్దం తలుపుకు కర్టెన్ వెయ్యండి, లేదంటే నిండు వేగంతో వచ్చి కొట్టుకుంటుంది. మూత లేని బకెట్లు, మరుగుతున్న నూనె, వెలుగుతున్న దీపం ఉన్న గదుల్లో వదలకండి. సంక్రాంతి రోజుల్లో బాల్కనీ తలుపు అసలు తెరవకండి. ఒకసారి బయటకు పోతే గద్దలతో పాటు మాంజా కూడా దాని ప్రాణానికి ముప్పే.

పొగ సంగతి చాలామందికి తెలియదు. మాడిన నాన్‌స్టిక్ పెనం నుంచి వచ్చే ఆవిరి మన ముక్కుకు సోకకముందే పక్షిని నిమిషాల్లో చంపేస్తుంది. దోమల చుట్టలు, సాంబ్రాణి, రూమ్ ఫ్రెషనర్లు కూడా దాని ఊపిరితిత్తులకు చేటే. పూజ గది పక్కన పంజరం వద్దు. తిండిలో ఉత్త గింజలే పెడితే విటమిన్ ఎ తక్కువై జబ్బు పడుతుంది. కొర్రలు, సామలతో పాటు పాలకూర, మునగాకు, కొత్తిమీర, క్యారెట్ తురుము, లేత మొక్కజొన్న రోజూ కొద్దికొద్దిగా ఇవ్వండి. అవకాడో, చాక్లెట్, కాఫీ, ఉల్లిపాయ విషం.

పక్షి జబ్బును దాచుకుంటుంది. గుంపులో నలతగా కనిపించినదాన్నే డేగ ఎంచుకుంటుంది కాబట్టి, అది దాని పుట్టుకతో వచ్చిన జాగ్రత్త. పొద్దుటే ఉబ్బిపోయి పంజరం అడుగున కూర్చుని ఉందంటే రేపు చూద్దాంలే అనుకోకండి. వంటింటి డిజిటల్ తక్కెడ మీద వారానికోసారి తూచి రాసుకోండి. గింజ ఆశ చూపి తక్కెడెక్కడం కూడా నేర్పొచ్చు. మనం చూసేలోపు బరువే ముందు తగ్గుతుంది.

ఇప్పటికే రెక్కలు కత్తిరించిన పక్షి ఇంట్లో ఉన్నవాళ్లు కంగారు పడనక్కర్లేదు. కొత్త ఈకలు ఒకటొకటిగా వస్తాయి. పక్కన ఆసరాగా పాత ఈకలుండవు కాబట్టి ఆ రోజుల్లో ఎత్తు నుంచి పడితే లేత ఈక విరిగి రక్తం కారే ప్రమాదం ఉంది, పంజరం కొంచెం కిందికి దించి అడుగున మెత్తటి గుడ్డ పరవండి. ఈ వ్యవధిలోనే వల కొట్టించండి, ఫ్యాన్ అలవాటు ఇంటిల్లిపాదికీ చెయ్యండి, గింజ అరచేతిలో పెట్టి కూర్చోవడం మొదలుపెట్టండి. రెక్కలు నిండుగా పెరిగాక మళ్లీ కత్తెర తీసే ముందు, కనీసం ఒక్కసారి దాన్ని మీ గదిలో ఎగరనివ్వండి.